పోస్ట్‌డాక్టరల్ పరిశోధనకు ఏది మేలు: మూలకణాల ప్రయోగశాలా, జీబ్రాఫిష్ ప్రయోగశాలా?

ప్రశ్న (రాజోలు ప్రాంత పరిశోధకురాలు):
క్యాన్సర్ కణితుల్లో రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ మీద ఇటీవలే పీహెచ్‌డీ పూర్తి చేశాను. మధుమేహం వల్ల మా నాన్నగారి పాదంలో పుండు మానక రెండు వేళ్లు తీసివేయవలసి వచ్చిన నాటి నుంచి, రక్తం అందని చోట కొత్త నాళాలను ఎలా పుట్టించగలమన్న ప్రశ్నే నన్ను వెంటాడుతోంది. ఇప్పుడు రెండు అవకాశాలు వచ్చాయి. ఒకచోట ఐపీఎస్ మూలకణాల (మామూలు శరీరకణాలను వెనక్కి మళ్లించి తయారుచేసిన మూలకణాల) నుంచి, నాళాల లోపలి పొరలో ఉండే ఎండోథీలియల్ కణాలను తయారుచేస్తారు. రెండవచోట జీబ్రాఫిష్ అనే చిన్న చేప పిండంలో నాళాలు ఏర్పడే తీరును గమనిస్తారు. మొదటిది చికిత్సకు దగ్గరగా ఉన్నట్టు తోస్తోంది. పైగా నేను ఇంతవరకు బతికున్న పిండంతో పనిచేయలేదు. దేనిని ఎంచుకోమంటారు?

సమాధానం (కాకినాడ, మూలకణ పరిశోధకుడు):
మీ నాన్నగారి విషయం చదివి బాధ కలిగింది. నేను ఐపీఎస్ కణాలతోనే పనిచేస్తున్నాను కనుక వాటి బలమూ, లోటూ రెండూ చెప్పగలను. జపాన్ శాస్త్రవేత్తలు తకహాషి, యమనాకా 2006లో ఎలుక కణాలతోనూ, 2007లో మనిషి కణాలతోనూ నాలుగు జన్యువుల సాయంతో చర్మకణాన్ని మూలకణ దశకు తీసుకువెళ్లారు. అటువంటి కణాలను మధ్యత్వచం (పిండంలో రక్తం, నాళాలు పుట్టే మధ్యపొర) వైపు మళ్లించి, ఆపైన వీఈజీఎఫ్ అందిస్తే, వారం పది రోజుల్లో ఎండోథీలియల్ కణాలు చేతికి వస్తాయి. అయితే కణం వేరు, నాళం వేరు. వాటిని జెల్‌లో ఉంచితే గొట్టాల వల అల్లుకుంటాయి గాని, చుట్టూ పెరిసైట్ల (నాళాన్ని బయటినుంచి అంటిపెట్టుకుని ఉండే కణాల) ఆసరా, లోపల ప్రవాహపు ఒరిపిడి లేకపోతే ఆ వల ఎక్కువకాలం నిలవదు. వీఈజీఎఫ్ ఒక్కదానితోనే పుట్టిన నాళాలు కారుతుంటాయన్నది కణితుల్లో మీరే చూసి ఉంటారు. కాలికి రక్తం అందనివారిలో వీఈజీఎఫ్ జన్యువును ఎక్కించి జరిపిన పరీక్షలు ఆశించిన ఫలితం ఇవ్వకపోవడానికి ఇది కూడా ఒక కారణమని నా అభిప్రాయం. అందుచేత చికిత్సకు దగ్గరగా కనిపించే దారే దగ్గరి దారి అని నేను అనుకోవడం లేదు.

సమాధానం (తణుకు, జంతుశాస్త్ర అధ్యాపకుడు):
పిండంతో పని కొత్త అన్న జంకును మన ఊళ్లోనే పోగొట్టుకోవచ్చు. తినడానికి అమ్మే ఫారం గుడ్లలో పిండం ఉండదు కనుక, హేచరీ నుంచి పొదిగే గుడ్లు తెచ్చి సుమారు 38 డిగ్రీల వేడిలో ఉంచండి. రెండవ రోజున గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. మూడవ రోజున పెంకుకు చిన్న కిటికీ కోస్తే పచ్చసొన మీద పాకుతున్న నాళాలు కంటికే కనిపిస్తాయి. మొదట అక్కడక్కడ రక్తద్వీపాలు (రక్తకణాలు, నాళకణాలు పుట్టే చిన్న గుంపులు) ఏర్పడి, అవి కలుసుకుని వలగా మారతాయి. విద్యార్థులకు నేను వాటిని గోదావరి లంకలతో పోల్చి చెబుతాను.

ఆ వల పెద్ద నాళాలుగా, చిన్న నాళాలుగా విడిపోవడంలో ప్రవాహానిదే పెద్ద పాత్ర. ఎక్కువ రక్తం పారే నాళం వెడల్పవుతుందని థోమా అనే శాస్త్రవేత్త 1893లోనే కోడిపిండంలో గమనించారు. 1918లో చాప్‌మన్ అనే మరో పరిశోధకుడు కోడిపిండంలో ప్రసరణ మొదలుకాకముందే గుండెను తీసివేసి చూస్తే, తొలి వల ఏర్పడింది కాని ఆపైన దాని రూపం సక్రమంగా సాగలేదు. నీరు పారని పంటబోదె గుర్రపుడెక్క పట్టి పూడిపోయినట్టే, రక్తం పారని కొమ్మనాళం క్షీణించిపోతుంది. మీ ప్రశ్నకు మూలం ఇక్కడే ఉందని నాకనిపిస్తోంది: నాళాన్ని పుట్టించడం ఒక ఎత్తు, దానిలో రక్తం పారుతూ ఉండేలా చూడడం మరొక ఎత్తు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నాళం పుట్టుక మీదే ఇంతకాలం దృష్టి పెట్టాను. దాని నిలకడ గురించి ఆలోచించనేలేదు. జీబ్రాఫిష్‌లో నేర్చుకున్నది తరువాత మనిషి కణాలకు పనికొస్తుందా?

సమాధానం (కాకినాడ):
తప్పక పనికొస్తుంది. నాళాలు మాత్రమే ఆకుపచ్చగా వెలిగే జీబ్రాఫిష్ రకాలు ఉన్నాయి. పిండం పారదర్శకం, ఒక రోజుకే రక్తప్రసరణ మొదలవుతుంది కనుక, ఏ కొమ్మ నిలిచింది, ఏది పోయింది అన్నది అదే పిండంలో గంటగంటకూ చూడవచ్చు. అక్కడ తేలిన సంకేతాన్ని తరువాత ఐపీఎస్ కణాలలో, ద్రవం పారే సన్నని గొట్టాల్లో పరీక్షించవచ్చు. చేరేముందు ఆ జీబ్రాఫిష్ ప్రయోగశాలలో ఇదివరకు పనిచేసినవారితో మాట్లాడి, అక్కడి నుంచి వెళ్లేటప్పుడు తమ పరిశోధన ప్రశ్నను వెంట తీసుకువెళ్లనిచ్చారా అని అడగండి. నా దృష్టిలో జీతం కన్నా అదే ముఖ్యం.

ప్రశ్న అడిగినవారు:
ఈ వారమే అక్కడ పనిచేసినవారికి ఉత్తరం రాస్తాను. తణుకు మాస్టారు గారూ, మీకు వీలైతే శనివారం వచ్చి ఆ గుడ్లను చూస్తాను.