మొక్కల సరుకుతో కలిపిన గ్రాఫీన్: నిజంగా పర్యావరణహితమేనా, డబ్బా మీద మాటేనా?

విడవలూరు రైతు:
నమస్తే అన్నలూ. మావి వనామి రొయ్యల చెరువులు. నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ ఫ్రేములు, మోటార్ స్టాండ్లు ఉప్పునీళ్ళకి రెండు పంటలకే పెచ్చులు లేస్తున్నాయి. ఈ మధ్య ఒకతను వచ్చి గ్రాఫీన్ కలిపిన ప్రైమర్ చూపించాడు. నల్లగా, చిక్కగా ఉంది. "కెమికల్స్ ఏం లేవు, మొక్కల సరుకుతో నీళ్ళలో కలిపాం, చెరువులో పడినా కలిసిపోతుంది" అన్నాడు. మా బావమరిది ఒంగోల్లో బీటెక్ చదివాడు, ఇక ముందంతా ఇదే అంటాడు. నాకు మాత్రం "మొక్కది కాబట్టి ఏం కాదు" అనే మాట దగ్గరే అనుమానం. టీ సీడ్ కేక్ మొక్కది కాదా? రొయ్య పిల్లల్ని వదిలే ముందు చెరువులో చేపల్ని చంపడానికి మనం వేసేది అదేగా. సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి.

గూడూరు కెమిస్ట్రీ:
రైతన్నా, ముందు అసలు చిక్కు ఎక్కడుందో చెప్తా. పెన్సిల్ ముల్లులో ఉండే గ్రాఫైట్ అంతా కార్బన్ పొరలే. మా సైదాపురం వైపు అభ్రకం రాయిని గోటితో పొరలు పొరలుగా ఒలిచినట్టు, దాన్ని ఒక్క పరమాణువు మందం దాకా ఒలిస్తే గ్రాఫీన్. 2004లో మాంచెస్టర్‌లో ఆండ్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నోవోసెలోవ్ మామూలు అంటుడు టేపుతో ఆ పని చేసి చూపించారు. 2010లో నోబెల్ వచ్చింది.

ఒలవడం ఒక ఎత్తు, ఒలిచినవి మళ్ళీ అతుక్కోకుండా చూడటం ఇంకో ఎత్తు. ఆ పొరలకి నీళ్ళంటే పడదు. ఉత్త నీళ్ళలో వేస్తే ఒకదాని మీద ఒకటి చేరి బూడిదరంగు మడ్డిగా అడుగుకి దిగిపోతాయి. అందుకని ల్యాబుల్లో ఎన్ఎంపీ అనే ద్రావకం వాడుతూ వచ్చారు. అది 202 డిగ్రీల దాకా మరగదు, పొరల్ని ఒక పట్టాన వదలదు. కడుపులో బిడ్డకి హాని చేసే రకమని యూరప్‌లో దాని వాడకం మీద ఆంక్షలు కూడా పెట్టారు. దాంతో చూపు నీళ్ళ వైపు మళ్ళింది. 2014లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళయితే గ్రాఫైట్ పొడిని వంటింటి బ్లెండర్లో వేసి, గిన్నెలు తోమే లిక్విడ్ పోసి తిప్పినా పొరలు విడతాయని తేల్చారు. (ఇంట్లో మిక్సీతో ప్రయత్నం చెయ్యబాకండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు, ఇంట్లో ఆడవాళ్ళు మిమ్మల్ని వదలరు.)

ఆ లిక్విడ్ పని మొక్కల సరుకూ చేస్తుంది. చెక్కలో ఉండే లిగ్నిన్, కరక్కాయలో ఉండే టానిన్ వంటి వాటిలో బెంజీన్ లాంటి వలయాలుంటాయి. ఆ వలయాలు గ్రాఫీన్ మీద బల్లపరుపుగా అతుక్కుంటాయి, నీళ్ళంటే ఇష్టపడే కొసలు బయటికి తిరుగుతాయి. తుమ్మజిగురు, నానో సెల్యులోజ్ (మొక్కల నారని అతి సన్నగా చేసినది) పొరల మధ్య అడ్డంగా నిలబడి దగ్గరికి రానివ్వవు. కుంకుడు రసం కూడా పనిచేస్తుంది గానీ నురగతో చంపుతుంది. కాబట్టి మీ ప్రైమర్ అతను చెప్పిన మొదటి సగం అబద్ధం కాదు.

బీటెక్ బావమరిది:
బావా, ఇంట్లో చాలక ఇక్కడ కూడా మొదలుపెట్టావా! గూడూరు సార్ చెప్పారుగా, సైన్స్ నిజమే. నా వాదన ఒక్కటే. మన ప్రకాశం, నెల్లూరు అంతా సుబాబుల్, జామాయిల్, సరుగుడు తోటలు. కాగితం మిల్లుల్లో గుజ్జు తీశాక మిగిలే నల్లనీళ్ళ నిండా లిగ్నిన్. పొగాకు కట్టె, వరిగడ్డి సంగతి చెప్పక్కర్లేదు. వ్యర్థంగా పోయేదాన్ని కొని విలువ పెంచితే రైతుకి నాలుగు డబ్బులు వస్తాయి. దీన్ని పర్యావరణహితం అనకపోతే ఇంక దేన్నంటారు?

కందుకూరు రిటైర్డ్ (కాగితం మిల్లు):
అబ్బాయ్, మిల్లులో ఆ నల్లనీళ్ళు వ్యర్థం కాదు. చిక్కబరిచి రికవరీ బాయిలర్లో మండిస్తాం. దాంతోనే ఆవిరి, కరెంటు, గుజ్జు ఉడికించే రసాయనాలు తిరిగి చేతికి రావడం. నువ్వు అందులోంచి లిగ్నిన్ తీసుకెళ్తే ఆ వేడికి బదులు మిల్లు బొగ్గు మండించాలి. కొద్దిగా తీస్తే పరవాలేదు, బాయిలర్ సరిపోని మిల్లులకి మేలు కూడా. కానీ "ఊరికే పోయేది" అనే లెక్కతో మొదలుపెట్టబాక. ఇక లిగ్నిన్ అమ్మితే ఆ లాభం సుబాబుల్ రైతు దాకా వస్తుందంటావా? చెక్క రేటు కోసమే ఏళ్ళ తరబడి రోడ్డెక్కుతున్నారు వాళ్ళు.

బీటెక్ బావమరిది:
బాయిలర్ సంగతి సరే పెద్దాయనా. పొగాకు కట్టెకి ఆ బాధ లేదుగా?

కందుకూరు రిటైర్డ్ (కాగితం మిల్లు):
లేదు. కానీ దాన్లోంచి లిగ్నిన్ తీయడానికి క్షారమో ఆమ్లమో పెట్టి ఉడికించాలి, కడగాలి. ఆ కడిగిన నీళ్ళు ఎక్కడ వదులుతావు?

ఒంగోలు సివిల్:
మీరందరూ పెయింటు చుట్టూ తిరుగుతున్నారు. నా దృష్టిలో దీనికి అసలు చోటు కాంక్రీటు. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 8 శాతం సిమెంటుదే. గ్రాఫీన్ కొద్దిగా కలిపితే బలం పెరుగుతుందనీ, ఆ మేరకు సిమెంటు తగ్గించొచ్చనీ ఆశ. లిగ్నిన్ నుంచే వచ్చే లిగ్నోసల్ఫోనేట్‌ని కాంక్రీటులో నీళ్ళు తగ్గించడానికి దశాబ్దాలుగా వాడుతూనే ఉన్నాం, కాబట్టి చెక్క సరుకు మాకు కొత్త కాదు. మన తాతలు గానుగ సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్ళు పోసేవాళ్ళు. అయితే ఆ తీపే ఇక్కడ చిక్కు. చక్కెరలు, జిగుర్లు ఎక్కువైతే సిమెంటు గట్టిపడటం ఆలస్యమవుతుంది. మోతాదు తప్పితే స్లాబు మర్నాటికీ పచ్చిగానే ఉంటుంది. పైగా సిమెంటు నీళ్ళలో కాల్షియం దండిగా ఉంటుంది. సీసాలో నెలల తరబడి చక్కగా నిలిచిన గ్రాఫీన్ అక్కడ నిమిషాల్లో ముద్దకట్టొచ్చు. సీసా ఫొటో చూపించి అమ్మేవాళ్ళని ఈ ప్రశ్న అడగాలి.

విడవలూరు రైతు:
సివిల్ సార్, మీ స్లాబు బాగుండాలి. నా ఏరియేటర్ సంగతి చెప్పండి ఎవరైనా.

గూడూరు కెమిస్ట్రీ:
చెప్తా. ఇక్కడే నాకు విషయం రుచిగా ఉంటుంది.

పూత చెక్కుచెదరనంత కాలం గ్రాఫీన్ పలకలు నీళ్ళనీ ఆక్సిజన్‌నీ చుట్టూ తిప్పి ఆలస్యం చేస్తాయి. ఎక్కడో గీత పడి ఇనుము బయటపడితే కథ మారుతుంది. గ్రాఫీన్‌లో కరెంటు పారుతుంది. ఉప్పునీళ్ళలో అది ఇనుముకి తగిలిందంటే కరిగేది ఇనుమే. అంటే గీత దగ్గర తుప్పు మామూలు కన్నా జోరుగా తినేయొచ్చు. పొరల చుట్టూ మొక్కల సరుకు మిగిలిపోతే కరెంటు సరిగా పారదు. సర్క్యూట్లకి ఇంకు చేసేవాళ్ళు దీనికి తల పట్టుకుంటారు, తుప్పు పెయింటుకి మాత్రం అదే మేలు. టానిన్ అయితే ఇంకో అడుగు ముందుకేసి తుప్పుతోనే కలిసి నల్లటి పొర కడుతుంది. కరక్కాయ కషాయంలో తుప్పు మేకు వేసి చూడండి, నీళ్ళు సిరా రంగుకి తిరుగుతాయి. పాతకాలంలో సిరా చేసింది కూడా ఈ కిటుకుతోనే.

మరి జిగురు రకాలు? అవి నీళ్ళని పీలుస్తాయి. పూతలో ఎక్కువగా మిగిలితే ఉబ్బి బొబ్బలు లేస్తాయి. కాబట్టి "మొక్కల సరుకు" అంటే చాలదు, ఏ మొక్కది, ఎంత శాతం అని అడగాలి.

"చెరువులో కలిసిపోతుంది" అన్నది మాత్రం నమ్మబాకండి. గ్రాఫీన్ కరగదు. సీసాలో పొరల్ని విడిగా ఉంచేది చాలావరకు రుణావేశం, ఉప్పునీళ్ళలో ఆ వికర్షణ పడిపోతుంది. పెచ్చు ఊడి పొడిగా పడితే ముద్దకట్టి అడుగు బురదలోకి చేరుతుంది. రొయ్య మేసేది ఆ అడుగునే. జిగురు కుళ్ళిపోతుంది, కార్బన్ పలక అంత తేలిగ్గా కుళ్ళదు.

"కెమికల్స్ లేవు" అన్నదీ అంతే. తుమ్మజిగురుతో చేసినదాన్ని కిటికీలో పెట్టి మరిచిపోతే పైన తెల్లటి బూజు కడుతుంది, మూత తీస్తే పులిసిన గంజి వాసన. అమ్మే డబ్బాలో అట్టా జరక్కుండా ఏదో ఒక మందు వేసే ఉంటారు. దాని పేరు అడగండి. నా లెక్కలో ఆ డబ్బాలో చెరువుకి ప్రమాదం ఉంటే గ్రాఫీన్ కన్నా ముందు ఆ మందుతోనే.

బీటెక్ బావమరిది:
సార్, మరి ఇన్ని వంకలు పెడితే కొత్తది ఏదీ ముందుకి రాదు. ఇప్పుడు మా బావ వేస్తున్న ప్రైమర్లో ద్రావకాల కంపు వస్తుంది, దాని గురించి ఎవరూ అడగరు. కొత్తదానికే అన్ని పరీక్షలా?

గూడూరు కెమిస్ట్రీ:
ఆ మాట న్యాయమే బాబూ. పాత ప్రైమర్‌తో పోల్చే చూడాలి, స్వర్గంతో కాదు. నేను మొక్కల దారికి వ్యతిరేకం కాదు, ఎన్ఎంపీ కన్నా వెయ్యి రెట్లు నయం అంటా. శబ్ద తరంగాలతో పొరలు విడగొట్టే సోనికేటర్ గంటల తరబడి నడిపిన కరెంటు, గిర్రున తిప్పి వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌లో అడుగున మిగిలిపోయిన గ్రాఫైట్ కూడా లెక్కలోకి రావాలి అంటున్నా. ఇంకోటి, అందులో నిజంగా గ్రాఫీన్ ఉందా? 2018లో సింగపూర్ పరిశోధకులు 60 సంస్థల సరుకు పరీక్షిస్తే చాలావాటిలో గ్రాఫీన్ 10 శాతం కూడా తేలలేదు, మిగతాదాంట్లో ఎక్కువ భాగం సన్నటి గ్రాఫైటే. రామన్ గ్రాఫ్ అడగండి, అంటే సరుకు మీద లేజర్ వేసి చెదిరిన కాంతిని కొలిచి గీసే గ్రాఫ్. అందులో అడ్డగీత మీద 2700 అంకె దగ్గర శిఖరం ఎట్టా ఉందో చూస్తే పలచటి పొరలా, మందపు గ్రాఫైటా అన్నది చాలావరకు తెలుస్తుంది.

విడవలూరు రైతు:
అతనికి ఫోన్ చేసి మూడూ అడిగా. ఏ మొక్క అంటే "అది మా సీక్రెట్" అన్నాడు. బూజు మందు అంటే "అట్టాంటివేం లేవు సార్". గ్రాఫ్ అంటే వాట్సాప్‌లో పంపిస్తా అన్నాడు, వచ్చింది డబ్బా ఫొటో. బావమరిదికి చూపిస్తే, వేరే కంపెనీది ఉంది బావా అంటున్నాడు.

బీటెక్ బావమరిది:
ఉంది మరి! వాళ్ళు టానిన్ అని డబ్బా మీదే రాశారు. పాత ఫ్రేము ఒకటి ఇవ్వు బావా, సగానికి ఇది, సగానికి నీ పాత ప్రైమర్ వేసి గీత గీసి పెడదాం. చెరువులో వద్దులే, డ్రమ్ములో ఉప్పునీళ్ళు పోసి.

గూడూరు కెమిస్ట్రీ:
గీత రెండు వైపులా ఒకే లోతున పడాలి బాబూ. మధ్యలో ఒక పట్టీ ఏ పూతా లేకుండా వదలండి. నీళ్ళు మీ చెరువువే పొయ్యండి, వంటింటి ఉప్పు కాదు.