సమస్య: "రాజి కుదిరినంత రచ్చ పెరిగె"

నిర్వాహకుడు: లోక్ అదాలత్ ఫ్లెక్సీ మీద "రాజీ మార్గమే రాజమార్గం" చదివినప్పటి నుంచీ ఇదే బుర్రలో తిరుగుతోంది. ఇది ఆటవెలది పద్యానికి చివరి పాదం. పై మూడు పాదాలూ మీరు పూరించాలి. కానివ్వండి.

గోదారిగట్టు:
పెండ్లి విందునందు పీటలు వేసిరి
నేతి గిన్నె యేది? నీళ్ళ చారు!
వేడి గారె లడుగ వియ్యాలవారల
రాజి కుదిరినంత రచ్చ పెరిగె

పంచెకట్టు: రాజి అంటే వరుస, సరే. వృక్షరాజి విన్నాం, తరురాజి విన్నాం. విస్తరి ముందు కూర్చున్న వియ్యాలవారినీ రాజి చేసేశారా! బంతి అనే చక్కటి మాట ఉండగా. నీళ్ళ చారు మాత్రం స్వానుభవమని తెలుస్తూనే ఉంది.

గోదారిగట్టు: బంతి అంటే సమస్యే పోతుంది కదండీ. ఉగాది పూరణలో పొసగని ర–ఱ యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో కలిపే పొత్తు) వేసిన మీ చెయ్యి ఇవాళ నిఘంటువు తిరగేస్తోంది, సంతోషం.

పంచెకట్టు: ఆ ఉగాదిని ఇంకెన్నాళ్ళు లాగుతారు? అసలు తప్పు సమస్యలోనే ఉంది. మాట రాజీ. గణం కోసం దీర్ఘం కోసేశారు.

నిర్వాహకుడు: కోశాను, నిజమే. 'రాజీ'లో రెండూ గురువులే, అంటే బరువుగా పలికే అక్షరాలు. మూడు మాత్రల సూర్యగణంలో అవి పట్టవు. అరబ్బీలో 'రిదా' అంటే సంతుష్టి, సమ్మతి. ఆ ధాతువులోని ద ఫారసీ నోట జ అయి 'రాజీ' మనదాకా వచ్చింది. రజియా సుల్తానా పేరూ అక్కడిదే. అంటే రాజీపడ్డవాడు తృప్తిపడ్డవాడన్నమాట! మన దగ్గరేమో పళ్ళు నూరుకుంటూ తగ్గినవాడు. రాజీనామా ఇంకా వింత. నామా అంటే పత్రం. ఉర్దూలో ఇప్పటికీ అది ఒప్పంద పత్రం, మనకు ఉద్యోగం వదిలే కాగితం.

చెరువుగట్టు: దీర్ఘం పోయిందిగా, నేను వాడుకుంటా.
ఊళ్ళ నైదు గోర నొప్పడు కురురాజు
వెన్ను డలిగి మరలి వెడలి పోయె
సంధి మాట చెడగ సకలభూభయద ఘో
రాజి కుదిరినంత రచ్చ పెరిగె

నిర్వాహకుడు: ఘోర, ఆజి! రాజీలోంచి యుద్ధం లాగారు. పైగా ఒప్పందాన్ని కన్న 'ఒప్పు'ని మొదటి పాదంలోనే కాదనిపించారు. ఈ వారం అవార్డు దీనికే.

గోదారిగట్టు: లోక్ అదాలత్ అవార్డుకు అప్పీలు లేదు గానీ ఇక్కడుంది. వెన్నుడు, అంటే కృష్ణుడు, అలగలేదు, విశ్వరూపం చూపించి వెళ్ళాడు. 'అలిగి' తీసి 'నవ్వి' వేస్తే సరి.

పంచెకట్టు: వెన్నుడు నవ్వి... డు, న, వ్వి. లఘువు, గురువు, లఘువు. ఆటవెలదిలో చోటులేని జగణమా గురువుగారూ?

గోదారిగట్టు: ఫోన్లో టైపు చేస్తున్నానండీ.

పంచెకట్టు: ర–ఱ కూడా నేను ఫోన్లోనే కొట్టాను.