రేపు మా కుక్కకి పన్ను ఆపరేషన్, పొద్దున మాత్ర వేయాలా వద్దా? తెలిసినవాళ్ళు చెప్పండి

వంశధార గట్టు:
సాయంత్రం నుంచి ఫోన్ పట్టుకుని వెతుకుతూనే ఉన్నాను, ఒక్కోచోట ఒక్కోలా రాశారు, బుర్ర వేడెక్కిపోయింది. మా చిట్టికి (పామరేనియన్) కుడి కన్ను కింద వాపు వచ్చింది. ఇక్కడ పర్లాకిమిడిలో చూపిస్తే పురుగు కుట్టి ఉంటుందని యాంటీబయాటిక్ ఇచ్చారు. తగ్గింది, మందు ఆపిన కొన్నాళ్ళకే మళ్ళీ పొంగి చీము కారింది. బరంపురం తీసుకెళ్తే అది కంటి జబ్బే కాదన్నారు. పై దవడలో పెద్ద పన్ను విరిగి వేరు దగ్గర చీము పట్టిందట, మత్తిచ్చి తీసేయాలట. రేపు పదింటికి రమ్మన్నారు. రాత్రి పది దాటాక తిండి పెట్టొద్దు, "ఖాలి పేటరే ఆణిబే" (ఖాళీ కడుపుతో తీసుకురండి) అని ఒడియాలో చెప్పి పంపేశారు. మాత్ర సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు ఫోన్ చేస్తే తీయడం లేదు. పొద్దున ఆరింటికి మాత్ర వేయాలా, మానేయాలా? నాకు కావలసింది అంతే.

పలాస జీడిపప్పు:
ముందు ఒకటి చెప్పండి, బొమికలు పెడతారా? పై దవడలో రెండు పక్కలా ఉండే ఆ పెద్ద పన్నుకి మూడు వేర్లు, అవి సరిగ్గా కంటి కిందికే వెళ్తాయి, అందుకే పన్ను చెడితే చీము అక్కడ తేలుతుంది, పాపం చాలామంది కంట్లో చుక్కలు వేస్తూ నెలలు గడిపేస్తారు. గట్టి బొమిక అడ్డంగా పెట్టి కొరికినప్పుడు ఆ పన్ను బయటి పెచ్చు ఊడిపోతుంది. మటన్ తిన్న రోజున మూలుగ బొమికలన్నీ కుక్క ముందు పోయడం మన ఊళ్ళల్లో ప్రేమ కింద లెక్క! బొటనవేలి గోరుతో నొక్కితే నొక్కు పడని వస్తువు ఏదైనా సరే కుక్క నోటికి ఇవ్వకూడదు. ఇకనైనా రోజూ పళ్ళు తోమండి, మన పేస్టుతో మాత్రం వద్దు, కుక్క ఉమ్మదు కాబట్టి ఫ్లోరైడ్ మింగేస్తుంది, కొన్నిటిలో తీపి కోసం కలిపే జైలిటాల్ ఉంటుంది, అది కుక్క ఒంట్లో చక్కెరని ఒక్కసారిగా పడగొడుతుంది.

గుణుపురం గూడ్స్:
ఏ మాత్ర? వయసెంత?

వంశధార గట్టు:
రోజూ వేసే మాత్రే. తొమ్మిదేళ్ళు, పది కిలోలు. జీడిపప్పు గారూ, మా ఇంట్లో నీచు వండరండీ, వీధిలో ఏం కొరికిందో మాకు తెలీదు.

బరంపురం పట్టు:
తొమ్మిదేళ్ళ కుక్కకి మత్తెందుకండీ, ముసలి ప్రాణం తట్టుకోదు. మా లాబ్రడార్‌కి స్నానం చేయించే షాపులోనే మత్తు లేకుండా పళ్ళు గీకారు, ముత్యాల్లా ఉన్నాయి.

మహేంద్రతనయ:
పట్టు గారూ, పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఈ మాట వింటే ఊరుకోలేను. షాపులో గీకేది పైకి కనిపించే గార. జబ్బు ఉండేది చిగుళ్ళ కింద. మెలకువగా ఉన్న కుక్క అక్కడికి పనిముట్టు పోనివ్వదు, ఎక్స్‌రేకి కదలకుండా పడుకోదు. పళ్ళు తెల్లగా కనిపిస్తుంటే ఇంటివాళ్ళు బాగున్నాయనుకుంటారు, లోపల వేరు కుళ్ళుతూనే ఉంటుంది. పైగా వీళ్ళది పన్ను తీయడం. మూడు వేర్ల పన్నుని డ్రిల్లుతో ముక్కలుగా కోసి ఒక్కో వేరూ విడిగా తీయాలి, మత్తు లేకుండా అది చిత్రహింస. వయసు ఒక జబ్బు కాదు, గుండె, కిడ్నీలు, లివర్ ఎలా ఉన్నాయన్నది చూసుకోవాలి.

బరంపురం పట్టు:
మత్తు మాకూ తెలుసండీ. ఒక సూది వేస్తే పడుకుంటుంది. గొట్టాలూ మిషన్లూ అన్నీ బిల్లు పెంచడానికే.

మహేంద్రతనయ:
సూది వేస్తే వచ్చేది మగత. ఆ మగతలో నోట్లో పని చేస్తే నీళ్ళు, రక్తం, గార ముక్కలు గొంతులోకి జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. శ్వాసనాళంలో గొట్టం పెట్టి దాని చుట్టూ ఉన్న బుడగలో గాలి నింపేది అందుకే. ఆ గొట్టంలోంచే ఆక్సిజన్, ఐసోఫ్లూరేన్ అనే మత్తు గాలి ఇస్తారు, మత్తు ఎక్కువైతే అప్పటికప్పుడు తగ్గించుకోవచ్చు. కాలికి కాన్యులా, నాలుకకి పల్స్ ఆక్సీమీటర్ క్లిప్పు ఉండాలి. చిన్న కుక్క, తడి పని, ఒళ్ళు ఇట్టే చల్లబడిపోతుంది, కింద వెచ్చగా ఏదైనా ఉండాలి. డాక్టర్ పంటి మీద ఉంటే కుక్క ఊపిరి చూడడానికి ఇంకో మనిషి కావాలి. ఇవన్నీ అడగండి, అడిగితే మంచి డాక్టర్ ఎవరూ తప్పుగా అనుకోరు.

గుణుపురం గూడ్స్:
గరివిడి వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్ళొచ్చుగా.

పలాస జీడిపప్పు:
భువనేశ్వర్ కాలేజీ పాతది, 1955 నుంచీ ఉంది. కానీ చీము పట్టిన కుక్కని అంత దూరం తిప్పుతారా?

గుణుపురం గూడ్స్:
పర్లాకిమిడి నుంచి గరివిడి అంత దూరమా?

వంశధార గట్టు:
అయ్యా, గొట్టం పెట్టే చేస్తామన్నారు, రక్తపరీక్ష కూడా అయింది, డాక్టర్ మంచాయనే, ఎక్కడికీ మార్చను. నేను అడిగింది మాత్ర గురించి! గార్డినాల్ 30. ఫిట్స్‌కి వేస్తారు కదా, అది. రెండు పూటలా.

గుణుపురం గూడ్స్:
ఇది ముందు చెప్పాల్సింది.

మహేంద్రతనయ:
అమ్మా, ఇది చాలా ముఖ్యం. ఫిట్స్ మందు ఉన్నట్టుండి మానకూడదు, ఒక పూట తప్పినా కొన్నిటికి ఫిట్స్ వచ్చేస్తాయి. ఆపరేషన్ రోజు కూడా పొద్దుటి డోసు వేయించడమే మామూలుగా చేసే పద్ధతి, గోళీ అంత ముద్దలో పెట్టి. అయితే ఆ మాట మీ డాక్టర్ నోట రావాలి, నా మాట మీద చేయకండి. అసలు ఫిట్స్ ఉన్నట్టు ఆయనకి తెలుసా? తెలిస్తే కెటమిన్ లాంటి మత్తుమందులు వాడాలా వద్దా అని ఆలోచిస్తారు. గార్డినాల్ వాడే కుక్కకి రక్తపరీక్షలో లివర్ అంకెలు ఎక్కువ కనిపిస్తాయి, ఆ సంగతి తెలియకపోతే రిపోర్టు ఇంకోలా అర్థమవుతుంది. మత్తులోంచి తేరుకునేటప్పుడు కూడా దాన్ని ఎక్కువసేపు కనిపెట్టుకుని ఉండాలి. మాత్రల అట్ట ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి, చివరిసారి ఫిట్స్ ఎప్పుడొచ్చిందో రాయండి, పొద్దున్నే మళ్ళీ ఫోన్ చేయండి. మంచినీళ్ళు తెల్లవారే దాకా మామూలుగా ఉంచనిస్తారు, అదీ అడగండి. ఇంటికొచ్చాక నొప్పికి వాళ్ళిచ్చిన మందే వేయండి, మన బ్రూఫెన్ వద్దే వద్దు.

వంశధార గట్టు:
చూపించడానికి మా మరిది తీసుకెళ్ళాడు, చెప్పాడో లేదో. ఫొటో పంపాను.

బరంపురం పట్టు:
ఫిట్స్ ఉందంటే ఇంకా భయం కదండీ, మత్తు వద్దనే నా సలహా.

మహేంద్రతనయ:
భయమని చీము వదిలేస్తే రోజూ నొప్పే. జాగ్రత్తలు తీసుకుని చేయించాలి.

వంశధార గట్టు:
డాక్టర్ గారే ఫోన్ చేశారు. ఫిట్స్ సంగతి ఆయనకి తెలీదట. ఆరింటికి మాత్ర వేయమన్నారు, చెంచాడు పెరుగన్నంలో. తొమ్మిదికే రమ్మన్నారు. థాంక్స్ అండీ, పడుకుంటాను.

కాశీబుగ్గ కొబ్బరి:
ఇక్కడే అడిగేస్తున్నాను. మా పిల్లి జొల్లు కారుస్తోంది, అన్నం దగ్గరికి వెళ్ళి వాసన చూసి వెనక్కి వచ్చేస్తోంది. పంటి నొప్పి అనుకుంటా, పారాసిటమాల్ సగం వేయొచ్చా?

గుణుపురం గూడ్స్:
వద్దు! పిల్లికి అది విషం, సగం మాత్రకే ప్రాణం పోవచ్చు. డాక్టర్‌కి చూపించండి.

కాశీబుగ్గ కొబ్బరి:
అమ్మో, వేయలేదు లెండి. రేపు ఆదివారం, పలాసలో ఎవరైనా తెరుస్తారా?