చదువుకున్నవాళ్ళ జ్ఞాపకశక్తినీ చదువుకోనివాళ్ళ జ్ఞాపకశక్తినీ పోల్చాలంటే పరీక్ష ఎలా పెట్టాలి?

చదువరి:
నమస్తే అండీ. సైకాలజీ పీజీ ప్రాజెక్టు కోసం సంస్కృతికీ జ్ఞాపకశక్తికీ ఉన్న సంబంధం చూద్దామనుకుంటున్నాను. కాలేజీ చదివిన పెద్దవాళ్ళు 30 మంది, బడి మొహం చూడనివాళ్ళు 30 మంది. 20 మాటలు రెండు సెకన్లకొకటి చొప్పున చదివి, గుర్తున్నవి ఏ వరసలోనైనా చెప్పమంటాను. తర్వాత అంకెల పరీక్ష, అంటే అంకెల వరస విని అదే వరసలో తిరిగి చెప్పడం. ముందుగా కొద్దిమందితో చేసి చూస్తే చదువుకోనివాళ్ళకు బాగా తక్కువ వచ్చింది. ఇది సంస్కృతి ప్రభావమని రాసేయొచ్చా?

మనోవీక్షణం:
అలా రాయకండి. పొంతన లేని మాటల చిట్టా విని అప్పజెప్పడం బడిలో అలవడే విద్య. ఆ అలవాటున్నవాళ్ళకు ఎక్కువ మార్కులు వచ్చాయంతే, మిగతావాళ్ళ జ్ఞాపకం ఎంతటిదో ఇంకా తేలలేదు. లైబీరియాలో క్పెల్లే ప్రజలతో మైకేల్ కోల్ బృందం చేసిన పని చూడండి. తిండి, బట్టలు, పనిముట్లు ఇలా నాలుగు రకాల వస్తువుల పేర్లు చదివితే, బడికి వెళ్ళనివాళ్ళ స్కోరు ఎన్నిసార్లు విన్నా పెద్దగా పెరగలేదు. అవే పేర్లను కథలో అల్లితే మాత్రం కథ నడిచిన తీరులోనే గుర్తుచేసుకున్నారు.

మీకు బాగా పనికొచ్చేది రోగాఫ్, వాడెల్ 1982లో ప్రచురించిన పద్ధతి. గ్వాటెమాలాలోని మాయా తెగ పిల్లలు, అమెరికా పిల్లలు, అందరూ తొమ్మిదేళ్ళవాళ్ళే. చిన్న ఊరి నమూనాలో 80 బొమ్మల్లోంచి 20 అమర్చి చూపించి, తీసేసి, మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టమన్నారు. మాయా పిల్లలు ఏమాత్రం తగ్గలేదు, కాస్త పైచేయిగానే ఉన్నారు. అమెరికా పిల్లల్లో కొందరు బొమ్మల పేర్లు గొణుక్కున్నారు. ఏది ఎక్కడుందో గుర్తుంచుకోవడానికి ఆ గొణుగుడు పెద్దగా అక్కరకు రాదు.

అందుకని అందరికీ రెండు పరీక్షలూ పెట్టండి: చిట్టా, అమరిక. సగం మందికి చిట్టా ముందు, సగం మందికి అమరిక ముందు. బొమ్మలు ఇద్దరికీ తెలిసినవే కావాలి. ప్రయోగంలో లేని నలుగురైదుగురిని పిలిచి ఒక్కొక్కటీ చూపించి పేరడగండి, తడబడినదాన్ని తీసేయండి. సరైన బొమ్మ ఎంచుకున్నందుకు ఒక మార్కు, సరైన చోట పెట్టినందుకు ఇంకోటి, విడివిడిగా వేయండి. చిట్టాలో కనిపించిన తేడా అమరికలో తగ్గిపోతే, మీరు రాయాల్సింది ఆ తగ్గుదల గురించే.

లోలకం:
అంకెల పరీక్షకు ఇంకో చిక్కుంది. రెండు జట్ల మాతృభాష ఒకటి కాకపోతే స్కోర్లను నేరుగా పోల్చకూడదు. సుమారు రెండు సెకన్లలో పలకగలిగినంతే మనసులో నిలుస్తుంది, కాబట్టి అంకెల పేర్లు పలకడానికి ఎక్కువసేపు పట్టే భాషలో స్కోరు తగ్గుతుంది. వెల్ష్, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్ళ మీద 1980లో ఎల్లిస్, హెనెలీ ఇదే చూపించారు. మనిషి ఒకరే, అయినా వెల్ష్‌లో తక్కువ వచ్చింది. కాబట్టి మూడంకెల వరసను పదిసార్లు గబగబా పలికించి స్టాప్‌వాచ్ పెట్టండి, పలికే వేగాన్ని లెక్కలో కలపండి. అంకెలు చదివేటప్పుడు సెకనుకొకటి, ఒకే గొంతుతో. ఫోన్ నంబరులా విరిచి చదివితే ఆ విరుపే సాయం చేసేస్తుంది.

చదువరి:
చాలా థాంక్సండీ. అమరిక బదులు ఫొటోలు చూపించి "ఇది ఇందాక చూశారా, లేదా" అని అడిగితే సరిపోదా? పని తేలిక కదా.

తూకంరాయి:
అడగొచ్చు, కానీ చూపించనివి కూడా సగం కలపండి. అడిగినవారికి కాదని చెప్పడం మర్యాద కాదనుకునేవాళ్ళు అన్నిటికీ "చూశాను" అంటారు. సరైన "చూశాను"ల శాతంలోంచి తప్పు "చూశాను"ల శాతం తీసేస్తేనే అది జ్ఞాపకం. నేపథ్యం సంగతి కూడా చూసుకోండి. 2001లో మసుదా, నిస్బెట్ జపాన్, అమెరికా విద్యార్థులకు నీటిలో ఈదే చేపల బొమ్మలు చూపించారు. జపాన్‌వాళ్ళు చుట్టూ ఉన్నవాటి గురించి ఎక్కువ చెప్పారు. అవే చేపలను వేరే నేపథ్యంలో పెట్టి చూపిస్తే గుర్తుపట్టడంలో ఎక్కువగా దెబ్బతిన్నదీ వాళ్ళే. మీ ఫొటోల్లో నేపథ్యం కావాలని మార్చితే మార్చండి, యథాలాపంగా మారనివ్వకండి.

అసలు పరీక్షకు ముందు మార్కులు లేని రెండు నమూనాలు చేయించండి, మీరు అడిగేదేమిటో వాళ్ళకు తెలియాలి. 1930ల మొదట్లో ఉజ్బెకిస్తాన్‌లో సోవియట్ మనస్తత్వవేత్త లూరియా "మంచు ఉండే ఉత్తరాన ఎలుగుబంట్లన్నీ తెల్లనివి, ఫలానా చోటు ఉత్తరాన ఉంది, అక్కడి ఎలుగు రంగేమిటి" అని అడిగితే, చదువుకోని రైతులు తాము చూడనిదాని గురించి చెప్పలేమన్నారు. కళ్ళారా చూడనిదాని మీద మాటివ్వకపోవడం వాళ్ళ పద్ధతి. దాన్ని తెలివితక్కువగా లెక్కేస్తే మీ పట్టిక మొత్తం తప్పుతుంది. వయసు, చూపు, వినికిడి కూడా ఇద్దరివీ సరిచూసుకోండి. చదువుకోనివాళ్ళ జట్టులో సగటు వయసు పదేళ్ళు ఎక్కువుంటే, మీకు కనిపించేది ఆ పదేళ్ళ తేడానే కావచ్చు.