స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడుకున్నందుకు మనం ఏమైనా బాకీ ఉన్నామా?

చిక్కడపల్లి డీటీపీ:
ఆరేళ్లుగా నా షాపులో శుభలేఖలన్నీ లిబ్రేఆఫీస్, ఇంక్‌స్కేప్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లలోనే చేస్తున్నా. మొన్న ఒక కుర్రాడు వచ్చి "దీని మీద సంపాదిస్తున్నారు కదా అంకుల్, ఒక్క బగ్ అయినా రిపోర్ట్ చేశారా, ఒక్క రూపాయి ఇచ్చారా?" అని నిలదీశాడు. ఏ పనికైనా వాడుకోమని లైసెన్సే చెప్తుంటే నేను బాకీ ఎలా పడ్డాను?

మాదాపూర్ కోడర్:
పడలేదన్నా. ప్రోగ్రామ్ నడుపుకోవడానికి లైసెన్స్ ఒప్పుకోనక్కర్లేదని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సుల్లో ఒకటైన జీపీఎల్ 2007 నాటి మూడో వెర్షన్‌లోనే రాసుంది. ఇంకొకరికి కాపీ ఇచ్చినప్పుడే లెక్క మొదలవుతుంది. సోర్సు, అంటే ప్రోగ్రామ్ రాసిన అసలు కోడ్ కూడా అందేలా చూడాలి.

తార్నాక టీచర్:
లైసెన్స్‌తో అయిపోతుందా? 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడ్డాక తెలిసింది, ఆ లోపమున్న, సమాచారం గుట్టుగా పంపడానికి లక్షల సైట్లు ఆధారపడ్డ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కి ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లని!

చిక్కడపల్లి డీటీపీ:
అది పెద్ద కంపెనీలు సిగ్గుపడాల్సిన సంగతి మేడం. కార్డుకింత అని తీసుకునే నన్ను ఆ లైన్లో నిలబెట్టకండి.

మాదాపూర్ కోడర్:
డబ్బు సంగతి వదిలేద్దాం. నా కోపమంతా సతాయించేవాళ్ల మీద. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే ప్రోగ్రామ్) గొడవే చూడండి. ఒక్కడే తీరిక వేళల్లో చూసుకునే ప్రాజెక్టు. "అప్‌డేట్ ఏదీ, ఇంత లేటా" అని మెయిళ్లతో పొడిచారు. అలసిపోయి, సాయానికొచ్చినవాడికి పగ్గాలిచ్చాడు. వాడేమో అది వాడే కంప్యూటర్లలోకి చొరబడేలా కోడ్‌లో దొంగదారి పెట్టాడు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటని ఒక ఇంజనీర్ తవ్వబట్టి సరిపోయింది. ఆ మెయిళ్లు రాసినవాళ్లు కూడా దొంగపేర్లేనని ఇప్పుడు అనుమానం. అప్పట్లో ఎవరికీ తేడా కొట్టలేదంటే, అసలు యూజర్లు రోజూ రాసేదీ అలాగే ఉంటుంది మరి.

తార్నాక టీచర్:
2018 ఫిబ్రవరి గుర్తుందా? మన "జ్ఞా" వస్తే చాలు, ఐఫోన్‌లో యాప్‌లు కూలిపోయేవి. ఆపిల్ సరిచేసేదాకా కాచుకోవడమే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో అలా కాదు, అడగొచ్చు, చేతనైతే మనమే సరిచేయొచ్చు. కానీ ఒత్తు తప్పిందని జర్మనీలో కూర్చుని కోడ్ రాసేవాడికి ఎలా తెలుస్తుంది? డీటీపీ గారూ, మీ కంటికే ముందు కనపడేది.

చిక్కడపల్లి డీటీపీ:
ఒకటుంది. పీడీఎఫ్ చేస్తే "లక్ష్మి"లో మ ఒత్తు పక్కకి జరుగుతోంది. ఇన్నాళ్లూ చేత్తో సర్ది ప్రింట్ కొడుతున్నా. బగ్ రిపోర్ట్‌కి ఆ కార్డు ఫైలే పంపేదా?

మాదాపూర్ కోడర్:
ఫాంట్ పేరు, వెర్షన్ రాయండన్నా. పెళ్లివారి ఫోన్ నంబర్లు మాత్రం తీసేయండి. లక్ష్మి ఒక్క మాట ఉంటే చాలు.