తక్కువ ధరల పంప్ యాక్షన్ షాట్‌గన్, ఏం సూసి తీస్కోవాలె?

అన్నలూ, మాది మిర్యాలగూడ. లైసెన్స్ వచ్చింది, క్లే టార్గెట్లు (గాలిల ఎగిరే మట్టి బిళ్లలు) కొట్టనీకి 12 బోర్ (గొట్టం సైజు) పంప్ యాక్షన్ తీస్కుందామనుకుంటున్న, బడ్జెట్ తక్కువ, జర చెప్పుండ్రి.

జవాబు: తమ్మీ, ధర తర్వాత, ముందుగాల భుజానికి ఆనించి సూడు, మెడ వంచకుండనే కన్ను బ్యారెల్ మీద నిలవాలె, స్టాక్ (భుజానికి ఆనే ఎన్కటి భాగం) పొడుగైతే ఎత్తేటప్పుడు అంగీకి తట్టుకుంటది. ట్రాప్‌ల (దూరం పోయే క్లేలను కొట్టే పోటీల) ఒక్క క్లేకు రెండు షాట్లు ఉంటయ్, పంప్‌ల రెండోదానికి ముందరి పిడి గుంజి తొయ్యాలె, ఆ లోపట 110 మిల్లీమీటర్ల క్లే ఎంతో దూరం పోతది. పోటీలకు పోయే ఆలోచనుంటే సెకండ్ హ్యాండ్ డబుల్ బ్యారెలే సూడు, రెండు గొట్టాలుంటయ్ గాబట్టి రెండో షాట్‌కు పిడి గుంజే పని లేదు.

ఇంకో జవాబు: నేర్సుకోనీకి పంప్ మంచిదే అంట నేను. 24 గ్రాముల ఛర్రాలుండే తూటాలు వాడు, భుజానికి దెబ్బ తక్కువ. తూటాల ఖర్చు గూడ లెక్కల పెట్టుకో, అది ఆగేది కాదు. గచ్చిబౌలిల సెంట్రల్ యూనివర్సిటీ కాడ రేంజ్ ఉంది, కొనకముందే పోయి కొట్టేటోళ్లను అడుగు.

సరే అన్నా, ఈ ఆదివారమే పోతా.