డొమిసైల్, రెసిడెన్స్ ఒకటేనా? సరిహద్దు వాళ్లు చెప్పండి

ప్రాణహిత, సిరొంచ:
మా మహారాష్ట్రలో చెల్లి అడ్మిషన్‌కు డొమిసైల్ సర్టిఫికెట్ కావాలన్నారు. గ్రామపంచాయతీలో తీసుకున్న రహివాసీ దాఖలా (నివాస ధ్రువపత్రం) చూపిస్తే చెల్లదన్నారు. ఊరి పేరు, ఇంటి నంబరు అన్నీ అందులో ఉన్నాయి కదా అన్నా, ఇంకేం కావాలి?

బల్లార్షా:
అది రెసిడెన్స్‌కు సరిపోతుంది తమ్ముడూ. ఇప్పుడు ఎక్కడ ఉంటున్నామో చెప్పేది రెసిడెన్స్. ఉద్యోగం మారితే అదీ మారిపోతుంది. డొమిసైల్ అంటే ఇక్కడే స్థిరపడ్డామని. అందుకే మహారాష్ట్రలో మామూలుగా 15 ఏళ్లు రాష్ట్రంలో ఉన్నట్టు ఆధారాలు అడుగుతారు. సర్టిఫికెట్ల దరఖాస్తులు తీసుకునే ప్రభుత్వ సేతు కేంద్రంలో దరఖాస్తు పెట్టండి. వయసు, జాతీయత, డొమిసైల్ మూడూ ఒకే సర్టిఫికెట్‌లో వస్తాయి.

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
మా ఒడిశాలో తహసీల్దారు ఇచ్చేది రెసిడెంట్ సర్టిఫికెట్. జనం దాన్నే డొమిసైల్ అనేస్తారు. కాబట్టి నోటిమాట నమ్మకండి, ఫారంలో ఏ పేరు రాశారో చూడండి. ఇక ఆంధ్రాలోని పాతపట్నం వైపు వెళ్తే ‘లోకల్’ అని ఇంకో లెక్క. దానికి మూలం రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు. ఇల్లు ఎక్కడుందన్న దానికంటే వరుసగా 4 ఏళ్లు ఎక్కడ చదివారన్నది ముందు చూస్తారు. సరిహద్దు పిల్లలకు ఇది చాలా పెద్ద విషయం. చుట్టాలింట్లో ఉంచి చదివించే ముందే పెద్దవాళ్లు ఆలోచించాలి.

నల్లకోటు, రాయగడ:
చట్టం ప్రకారం రాష్ట్రానికో డొమిసైల్ అంటూ లేదు. దేశమంతటికీ ఒక్కటే, అది భారత డొమిసైల్. 1984లో ప్రదీప్ జైన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. రాష్ట్రాలు ఆ మాటను శాశ్వత నివాసం అన్న అర్థంలో వాడుతున్నాయి. 2025 జనవరిలో పీజీ మెడికల్ సీట్ల తీర్పులోనూ కోర్టు ఈ తేడాను మళ్లీ వివరించింది. ఆఫీసుల్లో ఈ గందరగోళం ఇంకా పోలేదు, తిరగలేక నలిగేది పేదవాళ్లు.

ప్రాణహిత, సిరొంచ:
అర్థమైంది, థాంక్స్. చెల్లి పదో తరగతి తెలంగాణలోని చెన్నూరులో చదివింది. ఇబ్బంది అవుతుందా?

బల్లార్షా:
బయటి రాష్ట్రంలో ఎందుకు చదివిందని అడిగే అవకాశం ఉంది. నాన్న పేరున రేషన్ కార్డు, పాత ఇంటిపన్ను రసీదులు, చెల్లి పుట్టిన సర్టిఫికెట్, సిరొంచ బడి టీసీ జత చేయండి. ఇంకో సంగతి. కొన్ని కోర్సులకు డొమిసైల్ ఒక్కటే చాలదు, పది, పన్నెండు కూడా మహారాష్ట్రలోనే చదివి ఉండాలంటారు. ఫీజు కట్టే ముందే బ్రోషర్‌లో ఆ పేజీ చూడండి.